ఒంటరి ప్రయాణము

పత్రిక వ్రాయువాడు ఒక్కడైనను “మేము” అని వ్రాసికొనుట మా వృత్తియందలి మర్యాద. గడచిన మాసమున ఒకనాటి యుదయమున శంషాబాదు విమానాశ్రయపు గుమ్మమున నిలిచినప్పుడు ఈ బహువచనము మాకే నవ్వు తెప్పించినది. మేము ఒక్కరమే. చేత నొక పెట్టె, భుజమున నొక సంచి, జేబులో రెండు కండ్లజోళ్లు, ఎంత వెదకినను దొరకని మూడవది యొకటి. 68 ఏండ్లు నిండిన పిమ్మట, ఇంటివారెవ్వరును వెంట లేక, ఢిల్లీవఱకు పోవుట మాకిదియే మొదటిసారి.

దేశమునందు ఇన్ని మహావిషయములు చర్చకు వేచియుండగా ఒక వృద్ధుని కండ్లజోటిని గూర్చి సంపాదకీయమేల యని చదువరులు కొందఱు విసుగుకొనవచ్చును. వారికి మా మనవి యొక్కటే. 1917వ సంవత్సరమున గాంధిమహాత్ముడు రైళ్లలోని మూడవతరగతి ప్రయాణమును గూర్చి యొక లేఖ వ్రాసెను; అది చిన్న పుస్తకముగా వెలువడినది. అందాయన చెప్పినవి గొప్ప రాజ్యాంగసూత్రములు కావు. పెట్టెలలోని మురికి, కాలు చాపుటకు చోటు లేమి, స్టేషనులలో దొరకు తేనీటి హీనత, మరుగుదొడ్ల దుస్థితి, ఇవియే. ప్రయాణికుడు పడు చికాకులు అతని కర్మఫలములు కావనియు, వానికి బాధ్యులైనవారు కలరనియు ఆ లేఖ మన పెద్దలకు నేర్పినది.

అంతకు ముందే మన తెలుగువారిలో ఒకరు ఈ పని చేసియుండిరి. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఉద్యోగియైన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే మాసమున బయలుదేరి, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. దారిలో ఎక్కడ మంచినీరు దొరకును, ఎక్కడ అంగళ్లున్నవి, ఏ యేరు దాటుట కష్టము, ఇవన్నియు దినదినమును వ్రాసిపెట్టిరి. ఆ కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. అయితే వీరాస్వామయ్యగారు ఒంటరివారు కారు. బోయీలు, సేవకులు, పరిజనము కలిసి నూరుమందికి మించి వెంట నడచిరి. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమను సామెత పుట్టిన కాలమది. ఆ భయమునకు మన పూర్వులు కనుగొన్న మందు గుంపుగా పోవుట. తీర్థమైనను తిరునాళ్లైనను ఊరు ఊరే కదలెడిది. ముసలివారు నడుమ, పడుచువారు ముందువెనుకల. ఒంటరిగా పోవువాడు సన్యాసియైనను కావలెను, అప్పులవాడైనను కావలెను.

అట్టి జాతికి చెందిన మేము సికిందరాబాదున ఆర్టీసీవారి పుష్పక మెక్కితిమి. ఆ పేరు పెట్టినవారు రసికులు. కుబేరుని పుష్పకమున ఎందఱెక్కినను ఇంకొకరికి చోటు మిగులునట. ఆ లక్షణమునుబట్టి చూడగా ఈ పేరు సాయంకాలము ఆఱు గంటల సిటీబస్సునకు తగియుండెడిది. విమానాశ్రయపు బస్సున ఆనాడు సగము సీట్లు ఖాళీ. బస్సుమెట్టు మాత్రము మోకాలెత్తున నున్నది. మేము దానిని ఎక్కుట యెట్లా యని ఆలోచించుచుండగా, వెనుకనున్న పడుచువా డొకడు, చెవులలో ఏవో తెల్లని గుండీలు దోపుకొన్నవాడు, మా పెట్టెను అందుకొని, “బాపూ, నువ్వు ఎక్కు, నేనిస్త” అనెను.

ఈ పిలుపుల సంగతి యొక మాట చెప్పవలెను. నలుబదియవ యేట ఎవరో మమ్ము “అంకుల్” అనగా రెండు దినములు అద్దము చూచుకొంటిమి. ఏబదియైదవ యేట “తాతా” యనిన పిల్లవానిపై లోలోపల కోపగించితిమి. ఇప్పుడు “బాపూ” యనగా మాఱుమాటాడక పెట్టె చేతికిచ్చితిమి. వయసు మాకు నేర్పిన విద్యలలో ఇది కొంచెము ఆలస్యముగా అబ్బినది.

శంషాబాదునకు రైలు లేదా యని పొరుగురాష్ట్రములవారు అడుగుదురు. కలదు. ఆ స్టేషను పేరు ఉందానగరము. 2023 ఏప్రిలులో ఫలక్‌నుమానుండి ఎంఎంటీఎస్ బండ్లు అక్కడివఱకు పొడిగింపబడినవి. అక్కడ దిగినవానికి విమానములు ఆకాశమున చక్కగా కానవచ్చును; వానిని ఎక్కుటకు మాత్రము మఱియొక వాహనము చూచుకొనవలెను. విమానాశ్రయమువఱకు మెట్రోరైలునకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగినది. ఏడాది తిరుగగనే ప్రభుత్వము మాఱి, ఆ దారి విడువబడి, వేఱొక దారి తలపెట్టబడినది. ఆ శంకువు ఎక్కడనో భద్రముగనే యుండును.

2008 మార్చివఱకు మన విమానములు బేగంపేటనుండి, ఊరినడుమనుండియే లేచెడివి. ఆటోవానితో ఒక మాట చెప్పిన చాలును. ఇప్పటి విమానాశ్రయము దానికంటె ఎన్నియో రెట్లు విశాలము, శుభ్రము, అందము. ఇందులో సందేహము లేదు. కాని విశాలతను కొలుచువారు పడుచువారు. ముసలివాడు దానిని మోకాళ్లతో కొలుచును.

గుమ్మమున కావలియువకుడు మా ఆధారుకార్డును పుచ్చుకొని, బొమ్మను చూచి, మా ముఖమును చూచి, మరల బొమ్మను చూచెను. ఆ బొమ్మ తీసి పదేండ్లు దాటినది. అందున్న మనుజునికి జుట్టున్నది, పండ్లన్నియు నున్నవి, ప్రభుత్వముపై ఒకింత నమ్మకమున్నట్లును కనబడుచున్నది. యువకుడు కడకు నవ్వి లోనికి పొమ్మనెను. ప్రక్కవరుసలో ముఖమునే చూచి తలుపు తెఱచు విధానమొకటి కలదు. డిజియాత్ర యని దానిపేరు. 2023నుండి ఇక్కడ నడచుచున్నది. పడుచువారు కాగితము తీయకయే సాగిపోవుచుండిరి. మేము దానిలో పేరు నమోదు చేసికొనలేదు. భయము కాదు. ముఖమును రెండుసార్లు చూచి నవ్వుటకు ఒక మనిషి యుండుట మాకు ఇంకను ఇష్టముగా నున్నది.

లోపల విమానవేళలు తెలుపు పలకక్రింద నిలిచితిమి. అక్షరములు కదలుచున్నవి, మాకు దూరపుచూపు కండ్లజోడు లేదు. ఆప్రక్కనే అరువదేండ్ల స్త్రీ యొకతె, మెడలో ప్లాస్టిక్కు సంచి వ్రేలాడదీసికొని, ఆ పలకనే చూచుచుండెను. కొంతసేపటికి మావైపు తిరిగి, “సారూ, గిందుల నాది ఏదో జర సూసి చెప్పుండ్రి” అనెను. మేము సిగ్గుపడుచు, మాకు కనబడదమ్మా యంటిమి. ఆమె, “నాకు కనబడ్తది, సదువస్తలేదు” అనెను.

శాస్త్రములలో అంధపంగున్యాయమని యొకటి చెప్పుదురు. గ్రుడ్డివాని భుజముపై కుంటివాడు కూర్చుండి ఇద్దఱును అడవి దాటినారట. మేమును అట్లే చేసితిమి. ఆమె టిక్కెట్టుపై నున్న అంకెలను మేము దగ్గఱచూపు కండ్లజోటితో చదివితిమి. ఆమె తలయెత్తి ఆ యంకెలు ఏ వరుసనున్నవో వెదకి, వాని ప్రక్కనున్న అక్షరముల యాకారములు వ్రేలితో గాలిలో వ్రాసి చూపెను. ఆమె విమానము వేళకే యున్నది. తరువాత ఆమెయే మాదియు వెదకిపెట్టెను. మాది రెండు గంటలు ఆలస్యము.

ఆమెది జగిత్యాల ప్రాంతము. జేబీఎస్‌వఱకు ఆడువారి ఉచిత బస్సున వచ్చి, అచ్చటనుండి చుట్టమొకడు బండిలో తెచ్చి గుమ్మమున దింపిపోయెనట. పోవునది అమెరికాలోని డాలసునకు; కూతురి పురుటికి. దోహాలో విమానము మాఱవలెను. “మా ఆయన మస్కటుల ఇర్వై ఏండ్లు జేసిండన్నా. ఆయనను సాగనంపనీకి గీ తలుపుదాక ఎన్నిసార్లు వచ్చిన్నో. లోపలికి వచ్చుడు గిదే మొదలు” అనెను. ఆయన ఇప్పుడు లేడు. ఈ గుమ్మము బయట ఉత్తర తెలంగాణమునుండి వచ్చిన కుటుంబములు గల్ఫునకు పోవువాని చుట్టు నిలిచి యేడ్చుట మేము పలుమాఱు చూచియుంటిమి. బయట నిలిచిన ఆ యిల్లాండ్రు ఇప్పుడు ఒక్కొక్కరుగా లోనికి వచ్చుచున్నారు. సాగనంపువారు మాత్రము తగ్గిపోయిరి.

మెడలోని సంచిలో పాస్‌పోర్టుతోబాటు ఒక కాగితమున్నది. అమెరికాలో అధికారి ఏమడుగును, ఏమి చెప్పవలెను అని కూతురు ఇంగ్లీషు వాక్యములను తెలుగు లిపిలో వ్రాసి పంపినది. ఆమె దానిని మంత్రమువలె వల్లించుచుండెను. చేతిసంచిలో ఆవకాయసీసా యొకటి యున్నది. 2006 ఆగస్టులో లండనులో ద్రవరూపపు పేలుడుపదార్థముల కుట్ర బయటపడిన పిమ్మట, దూరదేశములకు పోవువారు చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవమును కొనిపోరాదను నియమము లోకమంతట వ్యాపించినది. నూనె తేలిన ఆవకాయ ఆ లెక్కలోనికే వచ్చును. ఈ సంగతి ఆమెకెవ్వరును చెప్పలేదు. ఇంకను అప్పగింపని పెద్దపెట్టెను నేలపై విప్పి, చీరలనడుమ సీసాను దాచి, మేమిద్దఱమును పెట్టెపై కూర్చుండి మూసితిమి. సంపాదకులకు ఉచితమైన పనియా యని యడుగకుడు. ఆ ప్రయాణమున మేము చేసిన ఉపయోగకరమైన కార్యము అదొక్కటియే.

ఆమె సామాను అప్పగించుచోట చక్రాలకుర్చీ కోరియుండెను. మేము ఆశ్చర్యపడితిమి. ఆమె కాళ్లు మావానికంటె గట్టివి. పెట్టెను మూయునప్పుడు చూచితిమి. అడుగగా, “కాళ్లకు గాదన్నా. కుర్చీ అడిగితె ఒక మనిషి వెంట వస్తడట. దోహాల నన్నెవరు తోల్కపోతరు మల్ల?” అనెను.

ఆ మాటను మేము మఱవజాలకున్నాము. దూరదేశములకు పోవు విమానముల వరుసలలో కుర్చీలలో కూర్చున్న మన పెద్దవారిని చూచి పడుచువారు పరిహసించుట కలదు. నడవగలవారే, వరుస తప్పించుకొనుటకు వేషము వేయుచున్నారని యందురు. కొందఱు అట్టివారును ఉందురు, కాదనము. నిజముగా నడువలేనివారికి కుర్చీలు చాలకున్నవని విమానసంస్థలవారు మొఱపెట్టుటయు న్యాయమే. కాని వారిలో అనేకులు కాలు లేక కాక, భాష లేక కుర్చీ యెక్కుచున్నారు. వారికి కావలసినది తోడు. ఇక్కడ తోడు దొరకవలెనన్నచో కుర్చీతో కలిపియే దొరకును. కావున కుర్చీ పుచ్చుకొనుచున్నారు. రెండు కాళ్లు గట్టిగానున్న ఒక తల్లి, ఎవరో ఒకరు తనతో నడచుటకై తాను నడువలేనని వ్రాసియిచ్చుచున్నది. ఇది ఆమె తప్పుగా మాకు తోచదు.

ఆ కుర్చీయైనను అన్నివేళల వచ్చునా? 2024 ఫిబ్రవరిలో అమెరికానుండి ముంబయి చేరిన 80 ఏండ్ల వృద్ధుడును ఆయన భార్యయు చెఱియొక కుర్చీ కోరియుండిరి. ఒక్కటియే వచ్చినది. అందు భార్యను కూర్చుండబెట్టి, ఆయన ప్రక్కన నడచెను. నడచినడచి, తనిఖీశాల చేరునప్పటికి కూలిపోయి, మరణించెను. రెండవకుర్చీ వచ్చువఱకు వేచియుండుమని చెప్పితిమని విమానసంస్థవారనిరి. పౌరవిమానయాన డైరెక్టరేటువారు ఆ సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా విధించిరి. వేచియుండుమనినను ఆయన యేల వేచియుండలేదో మాకు తెలియును. మా ఇంటియామె గతించి రెండేండ్లయినది. ప్రయాణములలో టిక్కెట్లు, తాళములు, మందులు, మా మూడవ కండ్లజోడు, అన్నియు ఆమె సంచిలో నుండెడివి. ఆమె ముందు పోవుచుండగా మేము వెనుక నిలిచిపోయిన దినము ఒక్కటియు లేదు.

ఇంక మా సంగతి. ఆలస్యమును మాకేల తెలుపలేదని విమానసంస్థవారి బల్లయొద్ద కొంచెము గట్టిగనే యడిగితిమి. సంస్థ పేరేల, అన్నియు నొక్కటే. అక్కడి యమ్మాయి యంత్రమును చూచి, రాత్రియే సందేశము పంపితిమి సార్, అనినది. నిజమే. టిక్కెట్టు కొన్నది న్యూజెర్సీలోని మా కుమారుడు. సందేశము అతని ఫోనునకు పోయినది. ఢిల్లీ విమానము ఆలస్యమని అమెరికాలో తెలిసినది, శంషాబాదున తెలియలేదు. మేము ఇంకను వాదింపబోవుచుండగా ఆ యమ్మాయి జాలిగా, “చక్రాలకుర్చీ ఏమైనా కావాలా సార్?” అనినది. మాకు కలిగిన కోపమును ఏమని చెప్పుదుము! “మాకా?” యంటిమి. అని, నిటారుగా నడచిపోయితిమి. తనిఖీవరుసలో బెల్టు విప్పుమనిరి. పంచె కట్టువారు ధన్యులు. మేము ఒకచేత ప్యాంటును పట్టుకొని, ఒకచేత సంచిని ఎత్తితిమి. మోకాలిచిప్ప మార్పించుకొన్న పెద్దమనిషి యొకడు యంత్రము కూయుచుండగా, లోపల ఉక్కున్నదయ్యా యని వివరించుచుండెను. అక్కడినుండి మా ద్వారమువఱకు రెండుచోట్ల ఆగితిమి. ఆగినది మోకాలినొప్పికి గాదనియు, అంగళ్లను చూచుటకనియు చూచువారికి తోచునట్లు ఆగితిమి. ఒకచోట చాయి కొంటిమి. దాని ధర చెప్పినచో చదువరులు నమ్మరు.

చికాకులన్నియు లోకమువి కావు. ప్రక్కసీటువాడు ఫోనులో సినిమా బిగ్గరగా పెట్టుట లోకపు తప్పు. దానికి మేము గంటసేపు లోలోపల ఉడికి, ఒక్కమాటయైనను అడుగక పోవుట మా తప్పు. అడుగుట మన పెద్దవారు మఱచిరి. ఇంటిలో అడుగకయే అందెడివి; ఇప్పుడు అడిగినచో పరువు పోవునను భయము.

2011 జనగణన ప్రకారము దేశమున 60 ఏండ్లు దాటినవారు 10 కోట్లకు మించిరి. తల్లిదండ్రుల పోషణకై 2007లో చట్టము వచ్చినది. అది భరణమును ఇప్పించును గాని పెట్టె మోయువానిని ఇప్పింపదు. రైళ్లలో వృద్ధులైన పురుషులకు నూటికి 40, స్త్రీలకు 50 చొప్పున ఛార్జీలలో నుండిన రాయితీ 2020 మార్చిలో, మహమ్మారి కాలమున, వారు ప్రయాణములు మానవలెనని తొలగింపబడినది. వారు మానలేదు. మానుటకు వారి బిడ్డలు పొరుగువీధిలో లేరు.

మేము కోరునది పెద్దది కాదు. శంషాబాదు తెలుగునేలపై నున్నది. అక్కడ, గుమ్మమునొద్దను పలకలక్రిందను, కుర్చీతో పనిలేకయే అడిగినవారికి తెలుగున సమాధానము చెప్పి, పదడుగులు వెంటనడచు మనుష్యులు కొందఱుండవలెను. దీనికి ధనము లేదనువారికి ఒక సంగతి జ్ఞప్తి చేసెదము. 1921లో బెజవాడయందు అఖిలభారత కాంగ్రెసు సంఘము కూడినప్పుడు, వచ్చిన జనసముద్రమును నడిపినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు వాలంటీర్లు. 1923లో కాకినాడ కాంగ్రెసునాడు హిందుస్థానీ సేవాదళమునకు రూపమేర్పడినది. వారికి జీతములు లేవు, యంత్రములు లేవు. ఈనాడు హైదరాబాదున సెలవుదినములలో చేతులు ముడుచుకొన్న విద్యార్థులును, పింఛను పుచ్చుకొని ఇంట విసుగుకొనుచున్న ఉద్యోగులును వేలు. వారిలో కొందఱకు అనుమతిపత్రములిచ్చి, మెడలో ఒక గుర్తు వేసి, లోన నిలుపుటకు విమానాశ్రయమువారికిని భద్రతావారికిని అభ్యంతరమేమి? దోహాలో నిలువజాలరు, నిజమే. ఇక్కడనైనను ధైర్యము చెప్పి పంపినచో అక్కడి భయము సగము తగ్గును. మా అంధపంగున్యాయమునకు పట్టినది పావుగంట.

ఆమెను తీసికొనిపోవుటకు కుర్చీతో ఒక పడుచువాడు వచ్చెను. ఆమె కూర్చుండక, సంచిని కుర్చీలో పెట్టి, వానిప్రక్కన నడుచుచు, “నీది ఏ ఊరు బిడ్డా?” అని అడుగుచు పోయెను. ఈపాటికి ఆవకాయ డాలసు చేరియుండును.

వచ్చు మాసమున మేము మరల ఢిల్లీకి పోవలసియున్నది. ఈసారి టిక్కెట్టు మేమే, ఫోనులో, అరగంట శ్రమపడి తీసితిమి. నడుమ ఒకచోట, సహాయము కావలెనా యను గడి కనబడినది. చాలసేపు దానిని చూచి, కావలెనని గుర్తు పెట్టితిమి. దానిక్రింద, సందేశములు ఏ సంఖ్యకు పంపవలెనని యున్నది. మా సంఖ్యయే వ్రాసితిమి.